ఒకేలాంటి రేడియస్‌లు, చాంఫర్లు పది చోట్ల ఉంటే డ్రాయింగ్‌లో కొలత ఎలా వేస్తున్నారు?

రావులపాలెం_క్యాడ్:
అందరికీ నమస్కారమండి. చెరువు ఏరేటర్ గేర్‌బాక్సు కింద వేసే ప్లేటు గీస్తున్నాను, మూలలు 12, అన్నిటికీ 5 రేడియస్ (మూల గుండ్రం), బోల్టు రంధ్రాలు ఎనిమిది, వాటికి 1×45° చాంఫర్ (అంచు ఏటవాలు కోత). ప్రతిదానికీ కొలత పెడితే షీటు చీమలు పట్టినట్టు అయిపోతోంది, పోనీ అని ఒక్క మూలకి పెట్టి టీవైపీ (టిపికల్, అంటే మిగతావీ ఇలాగే) అని రాస్తే కటింగ్ వాళ్ళు ఆ ఒక్క మూలే గుండ్రంగా తిప్పి మిగతా పదకొండూ కోసుగా వదిలేశారు. ఇంకోటి, ఇంత చిన్న చాంఫర్లు సాలిడ్‌వర్క్స్ మోడల్‌లో కూడా పెట్టాలా, నోట్ రాసేస్తే చాలా? మీరంతా ఏం చేస్తున్నారు?

భీమవరం_లేత్:
నోట్ మాట మాత్రం ఎత్తకండి. పోయినేడు ఓ షాఫ్ట్ డ్రాయింగ్ వచ్చింది, కింద మూలన ఒకటే లైను, విడిగా చెప్పని ఫిల్లెట్లన్నీ (గుండ్రం చేసిన మూలలన్నీ) 2 రేడియస్ అని. మా కుర్రాడు ఆ మాట ప్రకారమే అన్ని మెట్లూ 2 రేడియస్ టూలుతో తిప్పేశాడు. తీరా 6205 బేరింగ్ ఎక్కిస్తే మెట్టుకి ఆనదే! ఆ బేరింగ్ మూల రేడియస్ 1, షాఫ్ట్ మూలలో 2 ఉంది, రేసు (బేరింగ్ లోపలి రింగు) అంచు ఆ గుండ్రం మీదకెక్కి ఆగిపోయింది, మధ్యలో సందు, ఫీలర్ గేజ్ (సందు కొలిచే రేకు) హాయిగా దూరింది. అలాంటివి ఆరు షాఫ్టులు. రాత్రి పదకొండు దాకా మళ్ళీ సెంటర్లలో పట్టి మూలలు తీశాం, కూలి ఎవడూ ఇవ్వలేదు. గీసినాయనకి ఫోన్ చేస్తే నోట్ రాశాను కదా అన్నాడు!

కాకినాడ_డ్రాఫ్టర్:
18 ఏళ్ళుగా నాకు ఇదే పని, ఇందులో అనుమానానికి తావే లేదు. ఒక మూలకి లీడర్ (బాణం గీత) లాగి 12ఎక్స్ ఆర్5, అంటే 12 చోట్ల 5 రేడియస్, అని రాయండి, అయిపోయింది. 12కీ ఎక్స్‌కీ మధ్య ఖాళీ వదలకూడదు, ఎక్స్ తర్వాత వదలాలి. ఎన్ని చోట్లో టీవైపీ చెప్పదు, అమెరికా వాళ్ళ డ్రాయింగ్ ప్రమాణం వై14.5 లో అయినా ఇలా లెక్క రాయడమే పద్ధతి. ఆటోక్యాడ్‌లో అయితే డైమెన్షన్ టెక్స్టులో <> గుర్తు (గీసిన కొలత దానంతటదే వచ్చే చోటు) ఉంచి దాని ముందు 12ఎక్స్ చేర్చండి. ఆ గుర్తు చెరిపేసి 5 అని చేత్తో కొట్టారో, రేపు రేడియస్ 6 చేసినా షీటు మీద 5 అనే ఉండిపోతుంది.

పాలకొల్లు_ఫిట్టర్:
టీవైపీ తప్పని ఎవరండీ చెప్పింది? ముప్పై ఏళ్ళ నుంచి రైస్ మిల్లు ఎలివేటర్ పార్టులు టీవైపీ చూసే చేస్తున్నాం, ఒక్కటీ వెనక్కి రాలేదు. అలాంటివన్నీ ఇలాగే అని మాకు అర్థమవుతుంది. ఆఫీసులో ఏసీ కింద కూర్చుని ఖాళీ ముందా వెనకా అని చెప్తే సరిపోదు.

కాకినాడ_డ్రాఫ్టర్:
ఏసీ సంగతి పక్కన పెట్టండి. అలాంటివన్నీ అంటే ఏవి? ప్లేటు మీద 5 లాంటివి పన్నెండు, 8 లాంటివి రెండు ఉంటే మీ మనిషికి అర్థమవుతుందేమో, కొత్తగా చేరిన ఐటీఐ కుర్రాడికి ఎలా తెలుస్తుంది? లెక్క రాసుంటే వేలుతో లెక్కపెట్టుకుంటాడు, ఒకటి తగ్గితే వచ్చి అడుగుతాడు.

తణుకు_షాపు:
మీ ఎక్స్ వల్లే మాకు దెబ్బ పడింది సార్. షాఫ్ట్ చివర 2 ఎక్స్ 45° అని ఉంది. మా మనిషి రెండు చోట్ల 45 డిగ్రీలు అని చదివాడు, షాఫ్టుకి చివర్లు రెండే కదా మరి! సైజు లేదేంటని కాసేపు చూసి, అర మిల్లీ తీసి పంపేశాడు. పార్టీ వాళ్ళు 2 మిల్లీ అని తిప్పి పంపారు.

కాకినాడ_డ్రాఫ్టర్:
రెండు పక్కలా ఖాళీ ఉంటే బై అని, అంకెకి అంటుకుని ఉంటే చోట్లు అని చదవాలి. రెండు చివర్లకీ కావాలంటే 2ఎక్స్ 2 ఎక్స్ 45° అని పూర్తిగా రాస్తాం. ఇది తెలియకుండా మిషను ముందు నిలబడితే ఎలా?

తణుకు_షాపు:
తెలియకుండానా? డ్రాయింగ్ మాకు కాగితం మీద రాదండి, వాట్సాప్‌లో ఫోటో వస్తుంది, దాన్ని పెద్దది చేస్తే అక్షరాలే అలుక్కుపోతాయి, ఇంక మీ ఖాళీ ఎక్కడ కనపడుద్ది? మాటలు జాగ్రత్త. మేము మాత్రం చాంఫర్‌కి గుణకారం గుర్తు × వాడమంటున్నాం, చోట్లకి తెలుగులో 2 చోట్ల అని రాయమంటున్నాం. అప్పటినుంచి గొడవ లేదు.

కోనసీమ_డిప్లొమా:
జపాన్ డ్రాయింగుల్లో సీ2 అని రాస్తారు కదా, 45 డిగ్రీల చాంఫర్ 2 అని, అది వాడొచ్చు కదండీ? మాకు కాలేజీలో ఎస్పీ 46 (మన బీఐఎస్ వాళ్ళ డ్రాయింగ్ పుస్తకం) చూసి గీయించారు గానీ ఇలాంటివి షాపులో ఎలా చదువుతారో ఒక్కరూ చెప్పలేదు. పరీక్షలో మార్కులు వచ్చాయి, ఇక్కడ మొదటి వారమే అయోమయం.

పాలకొల్లు_ఫిట్టర్:
సీ2 అంటే మావాళ్ళు రంధ్రం పేరు అనుకుంటారమ్మా. వద్దు.

నరసాపురం_క్యూసీ:
రెండు మిల్లీ కావాలా అర మిల్లీ కావాలా అని కొట్టుకుంటున్నారు, టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా) మాట ఒక్కరూ ఎత్తలేదు. టైటిల్ బ్లాకులో (షీటు మూలనుండే వివరాల గడిలో) ఐఎస్ఓ 2768 ఎమ్ అనే జనరల్ టాలరెన్స్ ప్రమాణం ఉంటే బయటి రేడియస్‌కీ చాంఫర్‌కీ 0.5 నుంచి 3 వరకు ±0.2, 3 దాటి 6 వరకు ±0.5, 6 దాటితే ±1. అంటే మన రావులపాలెం ఆయన 5 రేడియస్ 4.5 వచ్చినా పాసే. ఇది తెలియక రేడియస్ గేజ్ పెట్టి వెలుతురు కనపడుతోందని మంచి ప్లేట్లు తిప్పి కొట్టే వాళ్ళని చూశాను, నాకు కడుపు మండిపోతుంది. భీమవరం గారు చెప్పిన బేరింగ్ మెట్టు వేరే సంగతి. అక్కడ గరిష్ఠం 1 అని విడిగా రాసి తీరాలి, ఏ జనరల్ నోటుకీ వదలకూడదు.

భీమవరం_లేత్:
ఆ మాట అనండి బాబూ! ఆరు షాఫ్టుల కూలి ఎవడిస్తాడో కూడా చెప్పండి.

యానాం_పెయింట్:
నోట్ వద్దంటే నేను ఒప్పుకోను. పదునైన అంచు మీద పెయింట్ నిలవదు, ఆరేటప్పుడు అంచు దగ్గర పల్చబడిపోతుంది. మన ఉప్పుగాలికి, రొయ్యల చెరువు నీళ్ళకి తుప్పు ముందు ఆ అంచు మీదే ఎర్రటి గీతలా లేస్తుంది, ఫ్రేము మధ్యలో రంగు మెరుస్తూనే ఉంటుంది. అన్ని అంచులూ కనీసం 2 రేడియస్ అని ఒక్క లైను నోట్ ఉంటే మాకు చాలు. ప్రతి అంచుకీ లీడర్ లాగుతారా ఏంటి?

తాడేపల్లిగూడెం_లేజర్:
రావులపాలెం గారూ, మీ ప్లేటు గ్యాసా లేజరా? లేజరైతే మిషను మీ కొలతలు చదవదు, డీఎక్స్‌ఎఫ్‌లో (మీరు పంపే క్యాడ్ ఫైల్లో) గీత ఎలా ఉంటే అలా కోస్తుంది. ఒక్క మూలే తిప్పారంటే ఫైల్లోనే ఒక్క మూలకి ఫిల్లెట్ ఉండాలి. చూడండి.

రావులపాలెం_క్యాడ్:
లేజరేనండి. ఇప్పుడే తెరిచి చూశాను, ఫిల్లెట్ ఒక్క మూలకే ఉంది, మిగతావి టీవైపీ అని రాశాను కదా అని గీయలేదు. పాపం వాళ్ళ మీద అనవసరంగా అరిచాను.

తాడేపల్లిగూడెం_లేజర్:
అదే మరి. పన్నెండు మూలలూ గీసేయండి, షీటు మీద 12 చోట్ల అని ఒక్క కొలత పెట్టండి. రంధ్రం చాంఫర్ మాత్రం ఫైల్లో గీయొద్దు, గీస్తే రంధ్రం చుట్టూ ఇంకో వృత్తం వస్తుంది, ఆపరేటర్ చూసుకోకపోతే మిషను దాన్నీ కోసి రంధ్రం పెద్దది చేసేస్తుంది. అది తర్వాత డ్రిల్లు దగ్గర కౌంటర్‌సింక్‌తో (రంధ్రం అంచు ఏటవాలుగా తీసే టూలుతో) తీసుకోవాలి, షీటు మీద 8 చోట్ల 1×45° అని రాస్తే చాలు.

పాలకొల్లు_ఫిట్టర్:
కౌంటర్‌సింక్ 90 డిగ్రీలది తీసుకోండి, 82ది ఇస్తే 45 రాదు.

భీమవరం_లేత్:
యానాం గారూ, ఫ్రేము అంచులకి 2 రేడియస్ మీరు గ్రైండర్‌తో తీస్తారా, ఆకురాయా? ఫ్లాప్ డిస్కు నాకు వారం కూడా ఆగట్లేదు.

యానాం_పెయింట్:
గ్రైండరే. కొత్త డిస్కు అంచు మీద నేరుగా పెట్టకండి, చిరిగిపోతుంది. ముందు పాత డిస్కుతో పదును చంపేసి తర్వాత కొత్తది పట్టండి, మాకు రెండు వారాల పైనే వస్తోంది.