ఒహాయోల లాన్ నిండా పసుపు పూలు, ఏ గడ్డి మందు కొట్టాలె?

హనుమకొండ / కొలంబస్:
అన్నలకు, అక్కలకు నమస్తే. కొత్తగ వచ్చినం, కిరాయి ఇల్లు. లాన్ అంతా డాండిలయన్ పూలు, మధ్యల మూడాకుల తీగ. 14 రోజుల్ల తీసెయ్యాలని హెచ్‌ఓఏ (కాలనీ ఇండ్ల ఓనర్ల సంఘం) నుంచి ఉత్తరం. షాపుల రౌండప్ ఉన్నది. ఇంటికాడ గట్ల మీద కొట్టేది అదే కదా, ఇక్కడ కొట్టొచ్చా?

పరకాల / సిన్సినాటి:
కొట్టకు తమ్మి. గట్ల మీద కొట్టే రౌండప్‌ల ఉండే మందు గ్లైఫోసేట్, అది పచ్చగున్నదాన్నల్లా చంపుతది, లాన్‌తో సహా. రౌండప్ పేరు మీదనే ‘ఫర్ లాన్స్’ అని ఇంకో సీసా ఉంటది, దాంట్ల మందు వేరు. బొమ్మ చూసి కొనకు, కింద చిన్న అక్షరాల్ల మందు పేరు చదువు. నీకు కావల్సింది 2,4-డి, ఎంసీపీపీ, డైకాంబా మూడూ కలిసింది. త్రీ-వే అంటరు. 2,4-డి మనకు కొత్తదేం కాదు, మక్కచేన్ల వెడల్పాకు కలుపుకు కొట్టేదే. మొక్క హార్మోన్ లెక్క పనిచేస్తది, వెడల్పాకు మొక్క అడ్డదిడ్డంగ పెరిగి చస్తది. గడ్డి జాతి దాన్ని అరిగించుకుంటది.

మూడాకుల తీగను దగ్గరికి పోయి చూడు. ఆకు గుండ్రంగ, మీద తెల్ల గీత, తెల్ల పువ్వు ఉంటే క్లోవర్. దానికి 2,4-డి ఒక్కటే చాలదు, తక్కిన రెండు అందుకే. ఆకు గుండె ఆకారంల ఉండి పసుపు పువ్వు పూస్తే మన పులిచింత. అది మొండిది, ట్రైక్లోపైర్ ఉన్న మందు కావాలె.

జగిత్యాల / ఫ్రిస్కో:
ముందుగాల లాన్ ఏ గడ్డో చూస్కోవాలె. మా టెక్సస్‌ల ఎక్కువ బెర్ముడా, అంటే మన గరిక. పొలంల పీకి పారేసేదానికి ఇక్కడ నీళ్లు పెట్టి బిల్లు కడ్తరు. ట్రైక్లోపైర్ కొడితే అది పసుపు పచ్చగైతది. సెయింట్ ఆగస్టీన్ అనే గడ్డి అయితే 2,4-డి కూడ పడదు, అట్రాజిన్ వాడాలె. ఎండ 85 ఫారెన్‌హీట్ దాటితే ఏదీ కొట్టొద్దు.

పరకాల / సిన్సినాటి:
అన్నా, పిలగాడు ఒహాయోల ఉన్నడు. సెయింట్ ఆగస్టీన్ ఆడ చలికే పోతది. వాళ్లది చలికి ఆగే గడ్డి, బ్లూగ్రాసో ఫెస్క్యూనో ఉంటది, త్రీ-వేకు ఏం కాదు. కొత్తగ విత్తనం చల్లిన లాన్ అయితేనే ఆగాలె, మూడు నాలుగు సార్లు కోసినంక కొట్టాలె.

కొట్టే తీరు చెప్త. రెండు రోజుల ముందు నుంచి లాన్ కొయ్యొద్దు, మందు పట్టేది ఆకే. కొట్టినంక ఇంకో రెండు రోజులు కొయ్యొద్దు. 24 గంటలు వాన గానీ, స్ప్రింక్లర్ గానీ ఉండొద్దు. గాలి గంటకు 10 మైళ్లు దాటితే మానుకో. 1000 చదరపు అడుగులు కొలువు, మన లెక్కల 111 గజాలు. ఒట్టి నీళ్లు కొట్టి అంత జాగకు ఎన్ని గ్యాలన్లు పడ్తయో చూడు. లేబుల్ మీద 1000 అడుగులకు ఎన్ని ఔన్సులు రాసి ఉంటే అన్నే ఆ నీళ్లల్ల కలుపు. ‘ఇంకో మూత పోస్తే తొందరగ చస్తది’ అన్నది ఉత్తమాట. మోతాదు మించితే ఆకు ముందే మాడుతది, మందు తల్లి వేరు దాక దిగదు, మళ్లా మొలుస్తది.

ఒకటి రెండు రోజుల్ల పూకాడలు స్ప్రింగు లెక్క మెలి తిరుగుతయి. అంటే పని మొదలైనట్టు. పూర్తిగ ఎండేటందుకు రెండు వారాలు పడ్తది. చావలేదని ఐదో రోజు మళ్లా కొడితే ఈసారి లాన్ పసుపైతది.

జగిత్యాల / ఫ్రిస్కో:
గిన్నెలు తోమే సబ్బు నాలుగు చుక్కలు వెయ్యమను, ఆకుకు అంటుకుంటది.

పరకాల / సిన్సినాటి:
వద్దు. కొన్ని సబ్బులు గడ్డినే కాలుస్తయి. మందు ఆకుకు అంటుకునేటందుకు స్ప్రేలకని అమ్మే నాన్ అయానిక్ సర్ఫాక్టెంట్ గ్యాలన్‌కు రెండు టీ స్పూన్లు చాలు, అదీ లేబుల్ వెయ్యమంటేనే.

మంచిర్యాల / బ్రాంప్టన్:
ఇవేవీ మా ఒంటారియోల నడువయి. ఇంటి లాన్‌కు 2,4-డి 2009లనే బంద్ చేసిన్రు. ఇక్కడ ఇనుముతో చేసినది కొడ్తం. గంటల్లనే ఆకు నల్లబడ్తది గానీ వేరు బతుకుతది, మూడు నాలుగు వారాలకు మళ్లా కొట్టాలె. డ్రైవ్‌వే మీద పడితే తుప్పు మరక పోదు.

కరీంనగర్ / డేటన్:
మందు సంగతి సరే, ఇది కిరాయి ఇల్లు. ఒక కిరాయి ఇంట్ల అయిందిది. ఇట్లనే ఉత్తరం వచ్చింది. కిరాయిదారు ఓనర్‌ను అడగకుండనే ఒక్కో డాండిలయన్ మీద గ్లైఫోసేట్ కొట్టిండు. పది రోజులకు లాన్ నిండా పళ్లెం అంత పసుపు మచ్చలు. డాండిలయన్ పోయింది గానీ, చచ్చిన గడ్డికి రెండో ఉత్తరం వచ్చింది. ఓనర్ కొత్త గడ్డి పలకలు పరిపించి ఖర్చంతా డిపాజిట్‌ల కోసిండు. నోటిమాటే తప్ప కాగితం లేదు, ఏమని కొట్లాడ్తరు?

లీజు తీసి చూడు. కొయ్యడం నీ మీద, మందులు ఓనర్ మీద అని రాసి ఉండొచ్చు. హెచ్‌ఓఏ ఉత్తరం ఓనర్‌కు ఈరోజే ఈమెయిల్ చెయ్, మందు పేరు రాసి ఒప్పుకోలు అడుగు. కొట్టినంక తారీఖు, ఫొటో హెచ్‌ఓఏకు పంపి, ఎండేటందుకు రెండు వారాలు పడ్తదని గడువు అడుగు. ఈలోపు పూలు చేత్తో తెంపు, మందు పడ్డ పూల మీద వాలకుండ తేనెటీగలకూ మంచిది. ఒహాయోల డిపాజిట్ కోస్తే 30 రోజుల్ల లెక్క రాసియ్యాలె, కాకపోతే పోయేటప్పుడు కొత్త అడ్రస్ నువ్వు రాసిచ్చి పోవాలె.

పరకాల / సిన్సినాటి:
ఎండాకాలం పోయినంక, సెప్టెంబర్ చివర్నో అక్టోబర్‌లనో ఇంకోసారి కొట్టు తమ్మి. అప్పుడు డాండిలయన్ తిండి వేర్లకు దింపుకుంటది, మందూ దాంతోనే దిగుతది. ఎండాకాలం కొట్టినదానికంటే అదే గట్టి దెబ్బ.

హనుమకొండ / కొలంబస్:
మస్తు థ్యాంక్స్ అన్నా. అదే పంపుతోటి పెరట్ల టమాటలకు వేపనూనె కొట్టొచ్చా, కడిగి?

పరకాల / సిన్సినాటి:
కొట్టకు. 2,4-డి కొట్టిన పంపు పత్తికి వాడితే ఆకు బెండాకు లెక్క చీలుతది, ఇంటికాడ చూసే ఉంటవు. టమాటకూ అంతే. పంపు రెండోది కొను. తప్పదంటే మూడు సార్లు కడిగి, గ్యాలన్ నీళ్లకు రెండున్నర టేబుల్ స్పూన్ల ఇంటి అమ్మోనియా పోసి, గొట్టంల, నాజిల్‌ల కూడ నింపి రాత్రంత ఉంచు, పొద్దున మళ్లా కడుగు. బ్లీచ్ మాత్రం దాంట్ల కలుపకు, విషవాయువు లేస్తది.