‘టు’ తర్వాత ‘మీట్’ ఎప్పుడు, ‘మీటింగ్’ ఎప్పుడు?

ప్రశ్న (బీకాం విద్యార్థి):
అందరికీ నమస్తే. క్యాంపస్ ఇంటర్వ్యూలు దగ్గర పడుతున్నాయని ఇంగ్లీషు గ్రామర్ మళ్ళీ తిరగేస్తున్నాను. ‘టు’ తర్వాత వి-1, అంటే క్రియ మొదటి రూపం, రావాలని స్కూల్లో చెప్పారు. ‘ఐ వాంట్ టు గో’, ‘షి డిసైడెడ్ టు స్టే’ వరకు ఇబ్బంది లేదు. కానీ కంపెనీల మెయిళ్ళలో ఎక్కడ చూసినా ‘వి లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ’ అనే ఉంటోంది. పేపరు స్పోర్ట్స్ పేజీలో మాత్రం ‘షి వెంట్ ఆన్ టు విన్ ద టైటిల్’ అని ఉంది. రెండూ ఫ్రేజల్ వెర్బులే (క్రియకు ‘ఆన్’, ‘అప్’ లాంటి చిన్నమాట చేరి ఒకే మాటగా నడిచేవి), రెండింటి పక్కనా ‘టు’ ఉంది. ఒకచోట ‘మీటింగ్’, ఇంకోచోట ‘విన్’ ఎందుకు? లిస్టు ఉంటే పెట్టండి, బట్టీ పట్టేస్తాను.

జవాబు (రిటైరైన ఇంగ్లీషు మాస్టారు):
లిస్టు సంగతి తర్వాత బాబూ. ముందు ఆ ‘టు’ ఎవరి మనిషో తేల్చుకో. ఇంగ్లీషులో ‘టు’ ఒకటి కాదు, రెండు. ఒకటి తన తర్వాత వచ్చే క్రియకు చెందింది. ‘వాంట్ టు గో’లో ఉన్నది అదే, దాన్నే ఇన్ఫినిటివ్ అంటాం. రెండోది ముందున్న మాటకు అతుక్కున్న ప్రిపోజిషన్. ‘లుక్ ఫార్వర్డ్ టు’ మొత్తం కలిపి ఒకే మాట. ప్రిపోజిషన్ తర్వాత నామవాచకం రావాలి. అక్కడ క్రియ పెట్టాలంటే దానికి ‘ఇంగ్’ తగిలించి నామవాచకంగా మార్చుకోవాలి. ‘మీటింగ్’ అలా వచ్చింది.

అనుమానం వస్తే క్రియ తీసేసి ఆ చోట ఒక వస్తువు పేరో, పండగ పేరో పెట్టి చూడు. ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు సంక్రాంతి’. వాక్యం నిలబడింది, కాబట్టి క్రియకు ‘ఇంగ్’ కావాలి. ‘ద రూమర్ టర్న్డ్ అవుట్ టు బి ట్రూ’ తీసుకో, ఆ పుకారు నిజమని తేలింది. ‘టర్న్డ్ అవుట్ టు సంక్రాంతి’ అంటే అర్థమే లేదు. కాబట్టి అక్కడ వి-1.

మనవాళ్ళకి ఈ చిక్కు ఎందుకొస్తుందంటే తెలుగులో రెండు చోట్లా ‘-డానికి’ సరిపోతుంది. ‘వెళ్ళడానికి ఒప్పుకున్నాడు’, ‘మిమ్మల్ని కలవడానికి ఎదురుచూస్తున్నాను’. అందుకే ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ’ అని చెయ్యి దానంతటదే రాసేస్తుంది. ‘-డానికి’లో కూడా ఉన్నది ‘-డం’ అనే నామరూపం, దాని మీద ‘కి’. పాత ఇంగ్లీషులో ఇన్ఫినిటివ్ ‘టు’ కూడా మొదట ప్రిపోజిషనే, దాని వెనక క్రియకు మన చతుర్థి లాంటి విభక్తి ఉండేది. ఆ విభక్తి అరిగిపోయాక ‘టు’ క్రియ గుర్తుగా మిగిలింది. ఇది పరీక్షకు అక్కర్లేదు, నాకు ముచ్చట కాబట్టి చెప్పాను.

ప్రశ్న (బీకాం విద్యార్థి):
థ్యాంక్స్ మాస్టారూ. మరి ‘యూజ్డ్ టు’? రెండూ చూశాను: ‘యూజ్డ్ టు వాక్’, ‘యూజ్డ్ టు వాకింగ్’.

జవాబు (మాస్టారు):
రెండూ ఒప్పే, అర్థాలు వేరు. ‘ఐ యూజ్డ్ టు వాక్ టు కాలేజ్’ అంటే ఒకప్పుడు నడిచి వెళ్ళేవాణ్ణి, ఇప్పుడు కాదు. ‘ఐ యామ్ యూజ్డ్ టు వాకింగ్’ అంటే నడవడం నాకు అలవాటే. ‘యామ్’, ‘ఈజ్’, ‘గెట్’ లాంటివి ముందుంటే ‘ఇంగ్’. ‘ఐ గాట్ యూజ్డ్ టు ద హీట్’ అని నామవాచకం పెట్టినా నిలుస్తుంది చూడు. పలకడం రెండింట్లోనూ ‘యూస్టు’ అనే, ‘యూజ్‌డ్ టు’ అని విడగొట్టక్కర్లేదు.

జవాబు (డాలస్ నుంచి ఒక సభ్యురాలు):
మాస్టారూ, చిన్న అభ్యంతరం. మీ సంక్రాంతి పరీక్ష ‘గో ఆన్’ దగ్గర బోల్తా పడుతుందండీ. ‘ద టీచర్ వెంట్ ఆన్ టు ద నెక్స్ట్ లెసన్’ అనడం మామూలే. నామవాచకం నిలబడింది. అయినా ‘వెంట్ ఆన్ టు విన్నింగ్’ అనం, ‘వెంట్ ఆన్ టు విన్’ అనే అంటాం.

జవాబు (మాస్టారు):
బాగా పట్టుకున్నావమ్మా. అక్కడ పరీక్ష పనిచెయ్యదు, ‘గో ఆన్’ని విడిగా నేర్చుకోవాల్సిందే. పైగా దాంతో ఇంకో తేడా కూడా ఉంది.

‘హి వెంట్ ఆన్ టాకింగ్’ అంటే ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. ‘హి వెంట్ ఆన్ టు టాక్ అబౌట్ ద ఫీజ్’ అంటే అంతవరకు వేరే సంగతి చెప్పి, తర్వాత ఫీజుల దగ్గరికొచ్చాడు. మొదటిది అదే పని సాగడం, రెండోది తర్వాతి మెట్టు. అందుకే జీవిత చరిత్రల్లో ఈ రెండోది తెగ కనిపిస్తుంది. పి.వి. నరసింహారావు 1971లో మన ముఖ్యమంత్రి అయ్యారు, ‘అండ్ వెంట్ ఆన్ టు బికమ్ ప్రైమ్ మినిస్టర్ ఇన్ 1991’. సింధు 2016లో రియోలో వెండి పతకం గెలిచింది, ‘అండ్ వెంట్ ఆన్ టు విన్ ద వరల్డ్ టైటిల్ ఇన్ 2019’. నీ స్పోర్ట్స్ పేజీ వాక్యం ఈ కోవలోదే. ఇంటర్వ్యూలో నీ గురించి చెప్పుకునేటప్పుడు కూడా పనికొస్తుంది: ఇంటర్‌లో ఎంఈసీ చేశాను, ‘అండ్ వెంట్ ఆన్ టు డు బీకాం’.

ప్రశ్న (ఇంకో సభ్యుడు, ఐఈఎల్‌టీఎస్‌కు చదువుతున్నారు):
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ‘గివ్ అప్’ తర్వాత ఎప్పుడూ ‘ఇంగ్’ అని కోచింగ్‌లో చెప్పారు. కానీ ‘షి గేవ్ అప్ హర్ జాబ్ టు లుక్ ఆఫ్టర్ హర్ మదర్’ అని ఒక ప్యాసేజ్‌లో ఉంది. ఇది తప్పా?

జవాబు (డాలస్ సభ్యురాలు):
తప్పు కాదండీ. ఆమె మానేసింది ఉద్యోగం. అమ్మను చూసుకోవడం ఎందుకు మానేసిందో చెప్పే కారణం. ఇలా ‘కోసం’ అనే అర్థంలో ‘టు’ ఏ ఫ్రేజల్ వెర్బ్ తర్వాతైనా వస్తుంది: ‘ఐ గాట్ అప్ టు క్లోజ్ ద డోర్’, ‘హి కేమ్ బ్యాక్ టు గెట్ హిజ్ అంబ్రెల్లా’. ‘టు’ ముందు ‘ఇన్ ఆర్డర్’ చేర్చి చూడండి, అర్థం చెడకపోతే అది కారణం చెప్పే ‘టు’. మానేసిన పనే చెప్పాలంటే మాత్రం ‘గేవ్ అప్ స్మోకింగ్’. తెలుగులో కూడా సిగరెట్లు కాల్చడం మానేశాడు అంటామే కానీ కాల్చడానికి మానేశాడు అనం.

‘టర్న్ అవుట్’కి కూడా ఇలాగే రెండు ముఖాలున్నాయి. ‘పీపుల్ టర్న్డ్ అవుట్ టు వోట్’ అంటే ఓటెయ్యడానికి జనం కదిలొచ్చారు. ‘ఇట్ టర్న్డ్ అవుట్ టు బి ఫేక్’ అంటే నకిలీదని తేలింది.

ప్రశ్న (బీకాం విద్యార్థి):
అన్నీ అర్థమవుతున్నాయి కానీ లిస్టు మీద ఆశ చావలేదు. రోజూ వాడేవి కొన్నైనా చెప్పండి.

జవాబు (మాస్టారు):
సరే, వదిలేలా లేవు. కొలంబస్ కథ గుర్తుపెట్టుకో, మూడు అందులోనే వచ్చేస్తాయి. 1492లో ఆసియాకు సముద్రమార్గం కనుక్కోవాలని బయల్దేరాడు: ‘హి సెట్ అవుట్ టు ఫైండ్ ఎ రూట్ టు ఏషియా’. చివరికి చేరింది కరీబియన్ దీవులకు: ‘హి ఎండెడ్ అప్ రీచింగ్ ద కరీబియన్’. తను ఇండీస్ (ఆసియాలోని ఇండియా, దాని తూర్పు ప్రాంతాలు) అనుకున్నది వేరే ఖండం పక్క దీవులని తేలింది: ‘ద ఇండీస్ టర్న్డ్ అవుట్ టు బి సమ్‌వేర్ ఎల్స్’. ‘సెట్ అవుట్’, ‘టర్న్ అవుట్’లకు ‘టు’, ‘ఎండ్ అప్’కు ‘ఇంగ్’. ‘ఎండెడ్ అప్ టు రీచ్’ అని చాలామంది అంటారు, అది మానుకో.

‘ఎండ్ అప్’ జట్టులోనివే ‘కీప్ ఆన్’, ‘క్యారీ ఆన్’, ‘పుట్ ఆఫ్’. వాటి పక్కన పని చెప్పాలంటే ‘టు’ లేకుండా నేరుగా ‘ఇంగ్’: డాక్టర్ దగ్గరికి వెళ్ళడం వాయిదా వేస్తూ వచ్చాను, ‘ఐ కెప్ట్ పుటింగ్ ఆఫ్ గోయింగ్ టు ద డాక్టర్’. ‘లుక్ ఫార్వర్డ్’ జట్టులో ‘గెట్ రౌండ్ టు’ ఉంది, పని చేద్దామనుకుని ఎన్నాళ్ళకో తీరిక దొరికి చెయ్యడం: ‘ఐ ఫైనల్లీ గాట్ రౌండ్ టు క్లీనింగ్ ద ఫ్యాన్’.

జవాబు (డాలస్ సభ్యురాలు):
ఇక్కడ ‘గెట్ అరౌండ్ టు’ అంటారు, గ్రామర్ మాత్రం అదే. ఇంకోటి, విషయం తెలిసిందని చెప్పడానికి మనం ‘ఐ కేమ్ టు నో దట్ హి రిజైన్డ్’ అంటాం. ఇండియాలో ఎవరికీ వింతగా ఉండదు. ఇక్కడివాళ్ళు మాత్రం ‘ఐ ఫౌండ్ అవుట్’ లేదా ‘ఐ హర్డ్’ అంటారు. వాళ్ళకు ‘కమ్ టు నో’ అంటే మనిషో విషయమో కాలక్రమంలో నిదానంగా తెలియడం. విదేశీ క్లయింట్లతో మాట్లాడే ఉద్యోగమైతే ‘ఫౌండ్ అవుట్’ అలవాటు చేసుకో తమ్ముడూ.

ప్రశ్న (బీకాం విద్యార్థి):
సరే అక్కా. ఇప్పుడు నేనే ఒకటి రాశాను, చూడండి: ‘ఐ సెట్ అవుట్ టు లెర్న్ ట్యాలీ, ఎండెడ్ అప్ లైకింగ్ అకౌంట్స్, అండ్ ఐ లుక్ ఫార్వర్డ్ టు వర్కింగ్ ఇన్ యువర్ ఫైనాన్స్ టీమ్’.

జవాబు (మాస్టారు):
మూడూ సరిగ్గా పడ్డాయి. ‘వర్కింగ్ ఇన్’ బదులు ‘వర్కింగ్ విత్’ అంటే ఇంకొంచెం మర్యాదగా ఉంటుంది. ‘అకౌంట్స్’ అన్న చోట ‘అకౌంటింగ్’ అను.