సొంత ఫొటోల పుస్తకం: 300 కాపీలు, ఆఫ్‌సెట్టా, డిజిటలా?

గోదారిగట్టు
అందరికీ నమస్కారం. గోదావరి లంకల ఫొటోలు 110 ఏరి పెట్టాను. వాటిలో 30 నలుపు తెలుపు. 96 పేజీలు, 10×10 అంగుళాల చదరం, 170 జీఎస్ఎం (చదరపు మీటరుకి 170 గ్రాములు) మ్యాట్ ఆర్ట్ పేపరు, గట్టి అట్ట అనుకుంటున్నా. 300 కాపీలు చాలు. ఫొటోల కింద తెలుగులో రెండేసి లైన్లు ఉంటాయి. ఆఫ్‌సెట్టా (ప్లేట్లతో అచ్చు) డిజిటలా (ప్లేట్లు లేకుండా నేరుగా), ఏ బైండింగ్, ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే అంతర్జాతీయ నంబరు) కావాలా, ధర ఎంత పెట్టాలి, పోస్టులో ఎలా పంపాలి? కెమెరా 24 మెగాపిక్సెల్. నాలుగైదు ఫొటోలు మాత్రం వాట్సాప్‌లో తిరిగొచ్చినవే మిగిలాయి.

లిథోరాజు
ముందు ఆ 10×10 మానెయ్యండి. 23×36 షీటు మీద బ్లీడుతో (కటింగ్ కోసం వదిలే అదనపు అంచుతో) కలిపి ఆరు ఆకులే పడతాయి. షీటులో పాతిక శాతం పైనే కటింగ్ మిషను కింద చెత్తబుట్టలోకి పోతుంది, దానికీ కిలోల లెక్కన డబ్బు మీరే కట్టాలి. 8½×11 పెట్టుకుంటే ఎనిమిది ఆకులు, అంటే షీటుకి రెండు వైపులా కలిపి 16 పేజీలు. దాన్నే ఫారం అంటాం. 96 పేజీలకు సరిగ్గా ఆరు ఫారాలు.

ఇక 300 సంగతి. రంగుకో ప్లేటు, నాలుగు రంగులు, ఫారానికి రెండు వైపులా కలిపి 8 ప్లేట్లు, ఆరు ఫారాలకు 48. రంగు కుదిరేదాకా ఫారానికి 150 షీట్లు పోతాయనుకోండి. 300 కాపీలకు 2,700 షీట్లు, 500 కాపీలకు 3,900. ప్లేట్లు అవే, మిషను ఎక్కించే కూలీ అదే. ఈ కాగితం రీము (500 షీట్లు) 45 కిలోలు తూగుతుంది. తేడా రెండున్నర రీముల లోపు. 300 అని వచ్చినవాళ్లు 500 వేయించుకుని వెళ్లేది ఇందుకే.

అటకమీద_కట్టలు
వేయించుకుని ఎక్కడ పెట్టుకుంటారో అది కూడా చెప్పండి రాజుగారూ. ఆ సైజులో లోపలి కాగితమే 490 గ్రాములు, గట్టి అట్టతో ముప్పావు కిలో. ఐదొందలంటే ఇంట్లో 375 కిలోలు! కోస్తాలో వానాకాలం నీళ్లు తగిలితే ఆర్ట్ పేపరు పూత మెత్తబడి పేజీకి పేజీ అంటుకుంటుంది, విడదీస్తే బొమ్మ ఊడొస్తుంది. కట్టలు నేల మీద, గోడకు ఆనించి పెట్టకండి. కింద చెక్క పలకలు, చుట్టూ పాలిథిన్, మధ్యలో సిలికా జెల్. చెదలు ముందు అట్టలోని బోర్డునే పడతాయి.

డీటీపీ_సుబ్బు
డిజిటల్‌కి వెళ్తే 10×10 ఇంకా కష్టం. చాలాచోట్ల ఉన్నది 13×19 షీటు మిషనే. 8½×11 పేజీలు రెండు పక్కపక్కన 17×11, హాయిగా సరిపోతాయి. చదరం అయితే 20 అంగుళాలు, పట్టదు. విడి ఆకులుగా వేస్తారు, విడి ఆకులకు కుట్టు పడదు. పైగా టోనరు (పొడి సిరా) మిషన్లలో ముదురు రంగు మడత మీదకొస్తే పెచ్చులూడి తెల్లగీత కనపడుతుంది.

వాట్సాప్ ఫొటోలు పొడవు వైపు 1600 పిక్సెళ్లుంటే గొప్ప. అచ్చుకి అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలి, 300తో భాగిస్తే అయిదుంపావు అంగుళాలు. పావు పేజీకి పెట్టుకోండి, లేకపోతే తీసెయ్యండి. మీ 24 మెగాపిక్సెల్‌వి 20 అంగుళాల దాకా భయం లేదు.

పాతబైండరు
ఎవరూ బైండింగ్ మాటెత్తరేం? 170 ఆర్ట్ పేపరుకి మామూలు గమ్ బైండింగ్ వేస్తే ఆ జిగురు పూతనే పట్టుకుంటుంది, లోపలి నారని పట్టుకోదు. పది సార్లు తెరిస్తే ఆకు చేతిలోకి వస్తుంది. గమ్మే కావాలంటే పీయూఆర్ (పాలీయురెథేన్) జిగురు ఉన్నచోటికి వెళ్లండి. ఫొటోల పుస్తకానికి మాత్రం కుట్టే. అదీ 8 పేజీల మడతలు. 16 పేజీలు మూడు మడతలేస్తే 170 కాగితం లోపలి మూల దగ్గర ముడత పడుతుంది.

రెండు పేజీల మీదికి పరిచే ఫొటోలుంటే నడిమధ్యలో మొహం, పడవ ముక్కు లాంటివి పడకుండా చూసుకోండి. గమ్‌లో ఒక్కో వైపు 6 నుంచి 8 మిల్లీమీటర్లు లోపలికి పోతుంది. కుట్టులో కూడా ఫారం మధ్య పేజీలే నిజంగా కలుస్తాయి.

లిథోరాజు
16 పేజీల ఫారం మడిచేముందు మడత గీత మీద రంధ్రాలు కొడితే గాలి బయటికి పోయి ముడత పడదు. 8 పేజీలంటే కుట్టు రెట్టింపు, కూలీ రెట్టింపు.

పాతబైండరు
రంధ్రాలు కొట్టే మడత మిషను ఎంతమంది దగ్గరుందండీ? చేత్తో మడిచేచోట ఆ మాట చెప్పి చూడండి. ఇంతకీ నార (కాగితంలో పోగులు పరుచుకున్న దిక్కు) ఎటు పోతోందో అడిగారా మీ కాగితం కొట్లో? 23×36ని 8½×11కి మడిస్తే వెన్ను 23 వైపుకి వస్తుంది. నార 36 వైపు ఉంటే వెన్నుకి అడ్డం. జిగురు తడికి వెన్ను పక్కనంతా అలలు లేస్తాయి, పుస్తకం తెరిచి పెడితే దానంతటదే మూసుకుంటుంది. కొనేముందు ఒక మూల చింపి చూడండి. తిన్నగా చిరిగిందంటే నార అటు. మెలికలు తిరిగిందంటే అడ్డం.

ఓరుగల్లు_లెన్స్
అన్నా, ఇవన్నీ సరే గని కంప్యూటర్ల ఉన్న పచ్చ పుస్తకంల రాదని ముందుగాల చెప్పుండ్రి. నాట్లేసిన వరి పొలం లేత పచ్చ, పట్టుచీర ఊదా, ఎల్ఈడీ లైట్ల నీలం, మూడూ సీఎంవైకేల (అచ్చుల వాడే నాలుగు సిరాలు: సయాన్, మెజెంటా, పసుపు, కె అంటే నలుపు) సచ్చిపోతయ్. ప్రెస్సు వాడే రంగుల ప్రొఫైల్ అడుగుండ్రి, పూత కాగితానికి ఫోగ్రా 39 లేకపోతే 51. ఫొటోషాప్ల ప్రూఫ్ సెటప్‌ల అది పెట్టి చూస్తే ఏ ఫొటో ఎంత చప్పబడుతదో ముందే తెలుస్తది. మానిటర్ వెలుతురు 100 క్యాండెలా దగ్గరికి దించుండ్రి. ఫుల్ వెలుతురుల దిద్దినోళ్ల పుస్తకాలే నల్లగ మాడిపోతయ్. నాలుగు సిరాల శాతాలు కలిపి మొత్తం 300 దాటనీయొద్దు, దాటితే ఎనక పేజీకి మరక.

నలుపుతెలుపు
అసలు ప్రమాదం ఆ 30 ఫొటోల్లో ఉంది. రంగు ఫొటోలతో కలిపి నాలుగు రంగుల్లో వేస్తే ఒక పేజీ గులాబీ, ఒక పేజీ పచ్చ తిరుగుతుంది. డ్యుయోటోన్, అంటే రెండు సిరాల్లో వేయించండి. నలుపు ఒకటి, పాంటోన్ కూల్ గ్రే (ముందే కలిపిన బూడిద సిరా) ఒకటి. నీడల్లో లోతు, వెలుగుల్లో మెత్తదనం, రెండూ అప్పుడే వస్తాయి.

లిథోరాజు
300 కాపీలకి డ్యుయోటోనా? నాలుగు యూనిట్ల (యూనిట్‌కో సిరా) మిషను మీద ఐదో సిరా అంటే షీటు రెండోసారి ఎక్కాలి, లేదా ఒక యూనిట్ కడగాలి. ఎవరు కడతారు? నాలుగు రంగుల్లోనే చక్కగా వస్తుంది, నడిపేవాడికి చేతనైతే.

నలుపుతెలుపు
చేతనైతే అన్నదగ్గరే ఉంది కిటుకు. మధ్యస్థపు బూడిద రంగుకి సయాన్ 50, మెజెంటా 40, పసుపు 40 ఉండాలి. మెజెంటా మూడు శాతం ఊగినా కన్ను పట్టేస్తుంది. ఎండలో సరిగ్గా కనపడ్డది ట్యూబ్‌లైటు కింద పచ్చగా కనపడుతుంది. సిరా ఎంత పడాలో తిప్పే తాళాలు షీటు నడిచే దిక్కునే పనిచేస్తాయి కదా, పైన సూర్యాస్తమయం, అదే వరసలో కింద నలుపు తెలుపు మొహం ఉంటే, పైన ఎరుపు పెంచిన ప్రతిసారీ కింద మొహానికి జ్వరం వస్తుంది. ఇది చేతనవ్వడం కాదు, యంత్రం లక్షణం.

లిథోరాజు
నాకు మిషను లక్షణం నేర్పుతున్నారా? ముప్ఫై ఏళ్లుగా ఇదే పని.

నలుపుతెలుపు
ముప్ఫై ఏళ్లలో ఒక్కసారైనా బూడిద రంగు పట్టీ షీటు అంచున పెట్టి కొలిచారా, లేక బొటనవేలు పెట్టి చూసి సరే అన్నారా?

మోడరేటర్
ఇద్దరూ కాస్త తగ్గండి. వ్యక్తిగత మాటలు తీసేస్తాను.

ఓరుగల్లు_లెన్స్
నడుమ తొవ్వ ఉన్నది గదా. సీఎంవైకేలకు మార్చేటప్పుడు నలుపు ఎక్కువ పుట్టేటట్టు, అంటే జీసీఆర్ గరిష్ఠం పెట్టుండ్రి. బూడిద అంతా కె సిరాల వస్తది, మిగిలిన మూడు నీడల్ల కొంచెమే. రంగు తిరిగే భయం సగం పోతది. ఉత్త కె ఒక్కటే వేస్తే మాత్రం నలుపు బూడిదలెక్క వెలవెల.

నలుపుతెలుపు
అది ఒప్పుకుంటాను. దానితోపాటు 30 ఫొటోలనూ చెదరగొట్టకుండా రెండు ఫారాల్లోకి సర్దుకోండి. 32 పేజీలు, సరిగ్గా సరిపోతాయి. అప్పుడు డ్యుయోటోన్ కూడా గిట్టుతుంది: ఆ రెండు ఫారాలకు 16 ప్లేట్ల బదులు 8.

లిథోరాజు
ప్లేట్లు తగ్గితే యూనిట్ కడగడం ఉచితమా? సరే, ఫారాలు విడదీయడం మంచి మాటే. అది నేనూ చెప్పేవాడినే.

డాలస్_పద్మ
ఇక్కడినుంచి చూస్తుంటే మీరు టన్నుల లెక్కలు మాట్లాడుతున్నారు! బ్లర్బ్ అనే ఆన్‌లైన్ అచ్చు సంస్థలో ఒక్క కాపీ కూడా వేయించుకోవచ్చు. 10×8, 13×11 లాంటి వాళ్ల సైజులే వాడాలి, కాపీకి ఖరీదు ఎక్కువ. ఇండియాకి తెప్పిస్తే కస్టమ్స్, రవాణా మీద పడతాయి. అమ్మడానికి కాదు, ఆఫ్‌సెట్‌కి ముందు ఒక నమూనా చేతిలో పట్టుకుని చూడడానికి బాగుంటుంది.

డీటీపీ_సుబ్బు
మేడమ్, నమూనాకి అమెరికా ఎందుకు? అదే కాగితంతో ఖాళీ డమ్మీ కట్టించమంటే బైండరే కట్టిస్తాడు. వెన్ను మందం కూడా దాంతోనే కొలవాలి. 170 మ్యాట్ ఆకు 0.15 మిల్లీమీటర్లు, 48 ఆకులు ఏడు పైచిలుకు. లెక్కతో అట్ట డిజైన్ చేసి, తరవాత వేరే మిల్లు కాగితం వస్తే వెన్ను మీద పేరు పక్కకి జరిగిపోతుంది.

తెలుగు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టకపోతే ఒత్తులు విడిపోతాయి. అలాంటిదే స్క్రైబస్ 1.6 ఉచితం, తెలుగు సరిగ్గా చూపిస్తుంది. నల్లటి ఫొటో మీద తెల్ల అక్షరాలు వేస్తే 10 పాయింట్లకి తగ్గకండి. నాలుగు ప్లేట్లు వెంట్రుకవాసి అటూఇటూ అయినా ఒత్తులూ సున్నాలూ పూడుకుపోతాయి. నల్ల అక్షరాలు ఉత్త కె 100 శాతం, ఓవర్‌ప్రింట్ (కింది రంగు తీసెయ్యకుండా దాని మీదే).

అనుభక్తుడు
అను ఫాంట్లలో కొడితే ఈ గొడవలేవీ లేవు. విజయవాడలో ఏ డీటీపీ వాడినడిగినా అదే.

డీటీపీ_సుబ్బు
అను యూనికోడ్ కాదు. పీడీఎఫ్‌లో వెతికితే ఒక్క మాట దొరకదు, ఈ-బుక్ చేయాలంటే మొత్తం మళ్లీ కొట్టాలి. మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా ఉండగా ఇంకా అదేనా?

అనుభక్తుడు
శీర్షికలకి అనులో ఉన్న అక్షరాల వయ్యారం మీ మండలిలో ఉందా చూపించండి ముందు.

కాపీరైటు_కామేశం
ఒక మాట. ఆ 110లో డబ్బు తీసుకుని వేరేవాళ్ల కోసం తీసిన పెళ్లి ఫొటోలుంటే తీసెయ్యండి. వేరే ఒప్పందం లేకపోతే సెక్షన్ 17 ప్రకారం హక్కు తీయించుకున్నవాళ్లది.

ఐఎస్‌బీఎన్ కేంద్ర ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ పోర్టల్‌లో వ్యక్తిగా దరఖాస్తు చేసుకోవచ్చు. దానికి డబ్బు అడిగేవాళ్లు అడుగుతున్నది వాళ్ల సేవకి. వాళ్ల పేరు మీద తీసుకుంటే రికార్డుల్లో ప్రచురణకర్త వాళ్లే అవుతారు. గట్టి అట్టకి, మెత్త అట్టకి వేర్వేరు నంబర్లు. బార్‌కోడ్ తెల్ల గళ్లో నల్లగీతలే, 80 శాతం కన్నా కుదించొద్దు. అట్ట అందం కోసం ఎర్రగీతలు వేస్తే స్కానరుకి కనపడవు.

అచ్చయ్యాక 30 రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీ, చెన్నై కన్నెమరా, ముంబయి సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలకు తలా ఒక కాపీ పంపాలి. 1954 చట్టం. అచ్చుసంఖ్యలో నాలుగు ముందే తీసి లెక్కేసుకోండి.

అటకమీద_కట్టలు
పోస్టు: పాత రిజిస్టర్డ్ బుక్ పోస్టు 2024 డిసెంబరులో తీసేశారు. 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ ఉంది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, బరువును బట్టి పెరుగుతూ 5 కిలోలకి 100, పన్ను అదనం. అది విద్య, సంస్కృతి, మతం పుస్తకాలకి. పుస్తకం మీద ప్రచురణకర్త పేరో ముద్రాపకుడి పేరో ఉండాలి, లోపల ప్రకటనలు ఉండకూడదు. నేల మార్గం కాబట్టి ఆలస్యం. గట్టి అట్ట మూలలే ముందు నలుగుతాయి. నాలుగు మూలలకీ అట్టముక్కలు మడిచి తొడిగి, పైన బబుల్ చుట్టి, పుస్తకం కన్నా అంగుళం పెద్ద పెట్టెలో పెట్టండి.

గోదారిగట్టు
అందరికీ ధన్యవాదాలు. 8½×11, కుట్టు, నలుపు తెలుపు రెండు ఫారాల్లో. కానీ ధర సంగతి ఎవరూ చెప్పలేదు.

లిథోరాజు
కాపీకి అయిన ఖర్చుకి నాలుగు రెట్లు. కొట్టువాళ్లు 35, 40 శాతం పట్టుకుంటారు, పాడైనవి, ఉచితంగా పోయినవి, పోస్టు పోను మిగిలేది చూసుకోండి. ఇంతకీ 300ఏనా, 500 వేస్తున్నారా? కాగితం ఈ వారమే చెప్పాలి, నార 23 వైపు ఉన్నది అడిగితే తెప్పించాలి.

పాతబైండరు
నార మాట చెవికెక్కిందన్నమాట.

అనుభక్తుడు
సుబ్బుగారూ, శీర్షిక సంగతి ఇంకా తేల్లేదు.