అప్‌డేట్: మెయిల్ సర్వర్‌లో డిస్క్, స్వాప్ నిండిపోయే సమస్య తీరింది

హన్మకొండలోని మా ఆఫీసు మెయిల్ సర్వర్ (4 జీబీ ర్యామ్, పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్) డిస్క్, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్‌లోని చోటు) నిండిపోయి రోజూ నత్తనడక నడుస్తోందని, బయటి నుంచి వచ్చే మెయిళ్లు ‘452 4.3.1’ (సర్వర్‌లో చోటు చాలడం లేదు) ఎర్రర్‌తో ఆగిపోతున్నాయని గత నెల ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

డిస్క్ సంగతి ‘ఎల్‌ఎస్‌ఓఎఫ్ +ఎల్1’ కమాండ్ (తీసేసినా ఇంకా తెరిచి ఉన్న ఫైళ్లను చూపిస్తుంది) నడపమన్న సలహాతో తేలింది. డిస్క్ మొత్తం వాడకాన్ని చూపే ‘డీఎఫ్’ కమాండ్ నూరు శాతం నిండిందని చూపిస్తుంటే, కనిపించే ఫైళ్ల సైజును కూడే ‘డీయూ’ లెక్క అందులో సగం కూడా రాలేదు. నేను చేత్తో తీసేసిన మెయిల్ లాగ్ ఫైలును లాగ్‌లు రాసే ఆర్‌సిస్‌లాగ్ సర్వీసు ఇంకా తెరిచే ఉంచి, అందులోకే రాస్తూ ఉంది. ఆ సర్వీసును రీస్టార్ట్ చేయగానే 11 జీబీ ఖాళీ అయింది.

మెమరీ విషయంలో మేము పిలిపించిన సిస్టమ్ అడ్మిన్ అసలు కారణం పట్టుకున్నారు. మెయిళ్లను స్కాన్ చేసే యాంటీవైరస్ క్లామ్‌ఏవీ కొత్త వైరస్ సిగ్నేచర్లను (వైరస్‌లను గుర్తుపట్టే డేటాను) లోడ్ చేసుకునేటప్పుడు పాతవాటినీ మెమరీలోనే ఉంచుకుంటుంది కాబట్టి, మామూలుగా 1 జీబీ దాకా ఉండే దాని వాడకం కాసేపు దాదాపు రెట్టింపవుతుంది. అలా రెండూ ఒకేసారి ఉండకుండా, దాని ‘కాంకరెంట్ డేటాబేస్ రీలోడ్’ సెట్టింగ్‌ను ‘నో’ అని మార్చారు. లోడయ్యేంతసేపు స్కానింగ్ ఆగుతుంది, మాకు దానితో ఇబ్బంది లేదు.

అంతకుముందు మేము స్వాప్ పెంచడం పనికిరాలేదు సరికదా, ఆ 4 జీబీ స్వాప్ ఫైలు నిండిపోతున్న అదే పార్టిషన్‌లో (డిస్క్ భాగంలో) ఉన్న కాస్త చోటునూ తినేసింది. చోటు కోసం అందరి ఇన్‌బాక్సులు ఖాళీ చేయించడమూ అనవసరమే. మా అకౌంట్స్ సార్ తన పాత మెయిళ్ల గురించి ఇంకా అడుగుతూనే ఉన్నారు.