లంక నుంచి రైతుబజారుకి కూరగాయలు పాడవకుండా చేర్చేదెలా?

ప్రశ్న (లంకపొలం):
కోనసీమ లంకలో (గోదావరి పాయల మధ్య దీవిలో) అరెకరం బెండ, తోటకూర వేశాం. పడవలో రేవు దాటి, ఆటోలో బజారు చేరేసరికి బెండ నల్లబడుతోంది, కూర వడలిపోతోంది. రైతుబజారులో అమ్మాలంటే రైతు గుర్తింపు కార్డు తప్పనిసరా?

జవాబు (గోదారిగట్టు):
గోతాల్లో కుక్కుతున్నారా? బెండకాయ నూగు రాపిడికి చెదిరితే అక్కడే నల్లబడుతుంది. ప్లాస్టిక్ ట్రేలు వాడండి. అంచుకి నాలుగు వేళ్ల వెలితి ఉంచండి, లేకపోతే పై ట్రే కాయల్ని నొక్కేస్తుంది. సాయంత్రం ఎండ తగ్గాక కోసి, రాత్రి నీడన పలచగా ఆరబోస్తే వేడి దిగుతుంది. నీళ్లు మాత్రం చల్లొద్దు, జిగురెక్కి కుళ్లుతుంది.

జవాబు (ఆకుకూర):
తోటకూర సంగతి వేరు. వేర్లతో సహా పీకి, మట్టి జాడించి, కట్టల్ని వేర్లు కిందికి నిలబెట్టి మొదళ్లకి తడిగోనె చుట్టండి. ఆకుల మీద నీరు నిలవకూడదు. పడవలో ఇంజను పక్కన మాత్రం పెట్టకండి, ఆ సెగకి పదినిమిషాల్లో తల వాలుస్తుంది.

జవాబు (పాతరైతు):
కార్డు కావాల్సిందే. మీ పొలంలో ఏ పంట ఉందో చూశాకే ఇస్తారు, పక్కోళ్ల సరుకు కలిపి అమ్మితే చిక్కు. ధర బజారు బోర్డు మీద రాసిందే, అంతకే అమ్మాలి. ఇంకోటి, జులై నుంచి సెప్టెంబరు దాకా వరద భయం. ఎక్కువ భాగం విత్తడం అక్టోబరులో, ఒండ్రు ఆరాక పెట్టుకోండి.