మెము రైలుబండి ఎక్కినోళ్లు చెప్పండి: బాత్రూం, మెట్లు ఎట్లుంటయ్?

మాది జడ్చర్ల దిక్కు. మెము అంటే వేరే ఇంజిన్ లేకుండ కరెంటుతో నడిచే ప్యాసింజర్ రైలు. కొత్త మెము రేకు (బోగీలన్నీ కలిసిన పూరా బండి) ఫోటో ఒకటి వాట్సాప్‌ల తిరుగుతున్నది, "ఇగ మన కాచిగూడ–పాలమూరు లైనుకే" అని రాసి పంపుతున్నరు. నిజమో ఉత్తదో! చాయ్ హోటల్ కాడ అయితే అప్పుడే రెండు పార్టీలైనయ్. రోజూ డ్యూటీకి పోయే పిలగాండ్లు మస్తు సంబురపడుతున్నరు. మోటార్లు బోగీల కిందనే ఉంటయి, చివర్ల ఇంజిన్ మార్చే పనిలేదు, ఆగినంక జల్దీ అందుకుంటది. చిన్న చిన్న స్టేషన్లల్ల ఆగే బండికి గంతకంటే ఏం కావాలె? పెద్దమనుషులు మాత్రం "సీట్లు తక్కువ, నిలబడి సావాలె" అంటున్నరు.

నా రంది వేరే. అమ్మకు మోకాళ్ల నొప్పులు, షుగర్ గూడ ఉన్నది. నెలనెలా హైదరాబాద్ దవాఖానకు తీస్కపోవాలె. 2003ల మొదలైన హైదరాబాద్ ఎంఎంటీఎస్ లోకల్ బండ్లల్ల బాత్రూంలు ఉండవు. సిటీల తిరిగేటోళ్లకు నడుస్తది గానీ మాది గంటల ప్రయాణం. మెముల ప్రతి బోగీకి ఉంటదా, కొన్నిటికేనా? ఉంటే ఏ దిక్కు?

ఇంకోటి, ఎక్కుడు. తక్కువ ఎత్తు ప్లాట్‌ఫాం అంటే పట్టాల మీంచి 455 మిల్లీమీటర్లే. బండి లోపలి నేలేమో 1.2 మీటర్లకు అటుఇటు. నడుమ మెట్లుంటయా, పట్టుకునే కడ్డీ గట్టిగుంటదా? కాజీపేట, డోర్నకల్ దిక్కు మెముల తిరిగేటోళ్లు చెప్పండి.

బండి నంబరు 6తో మొదలైతే మెము, 7తో అయితే డెము (డీజిల్‌తో నడిచే అసొంటి బండే) అని ఎరుకే. కానీ నంబరు మారకుండ రేకు మారుతదా? ఇంటికాడ బయల్దేరకముందే తెల్సుకునే ఉపాయం ఉంటే జర చెప్పండి అన్నా, అక్కా.