సెన్సర్ మాడ్యూల్ మార్చాక తూకం మళ్లీ సరిచూడాలా?

ప్రశ్న: మా స్వయంచాలిత జలాంతర్గత వాహనంలో సోనార్ (ధ్వని తరంగాలతో నీటి అడుగును గమనించే పరికరం) భాగాన్ని తీసి, నీటి నాణ్యతను కొలిచే భాగాన్ని అమర్చబోతున్నాము. రెండింటి బరువూ ఒకటే అయినప్పుడు తూకాన్ని, అంటే వాహనం నీటిలో మునగకుండా, వాలకుండా నిలిచే సమతూకాన్ని, మళ్లీ చూడవలసిన అవసరం ఉందా?

జవాబు 1: తప్పక చూడాలి. గాలిలో బరువు సమానమైతే సరిపోదు; అవి తొలగించే నీటి పరిమాణం, గరిమనాభి (బరువు కేంద్రీకృతమయ్యే బిందువు) స్థానం కూడా కలవాలి, లేకపోతే ముక్కు కిందికో పైకో వాలి, దాన్ని సరిదిద్దడానికే బ్యాటరీ ఖర్చవుతుంది. పైగా మంచినీటిలో సరిచేసిన 40 లీటర్ల వాహనాన్ని సముద్రంలో దింపితే దాదాపు ఒక కిలో మేర అదనపు ఉత్ప్లవనం (నీరు పైకి నెట్టే బలం) వస్తుంది.

జవాబు 2: తూకం కన్నా నాకు అతుకుల భయమే ఎక్కువ. ఓ-రింగ్‌పై (అతుకులో నీరు చొరకుండా అమర్చే రబ్బరు వలయంపై) ఒక్క వెంట్రుక ఉన్నా, 100 మీటర్ల లోతున సుమారు 10 అట్మాస్ఫియర్ల అదనపు పీడనానికి నీరు చొరబడవచ్చు. కనుక లోపలి గాలిని కొంత తోడి, పీడనాన్ని చూపే గేజి ముల్లు కదలకుండా నిలిచిందని చూశాకే దింపండి.

జవాబు 3: దిక్సూచిని కూడా మళ్లీ క్యాలిబ్రేట్ చేయండి (సరైన దిక్కు చూపేలా సరిచేయండి).